ఉద్దానం కిడ్నీ వైద్యంలో నడిమి మెట్టు ఖాళీ

పలాస: ఉద్దానం కిడ్నీ బాధితుల కోసం గడచిన పదేళ్లలో జరిగిన పనులను తక్కువ చేసి చూడనవసరం లేదు. సోంపేట, పలాస, కవిటి, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలసిస్ కేంద్రాలు వెలిశాయి. డయాలసిస్ రోగుల నెలవారీ పింఛను 2019లో 10 వేల రూపాయలకు పెరిగింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానం గ్రామాలకు చేర్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఏ పార్టీ ఎంత చేసిందన్న వాదన ఎన్నికల సభలకు వదిలేద్దాం. ఈ పనులన్నీ జరిగాక కూడా సమాధానం దొరకని ప్రశ్న ఒకటుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉందని తేలిన రోజుకూ, డయాలసిస్ మంచం ఎక్కిన రోజుకూ నడుమ ఆ రోగిని ఎవరు చూస్తున్నారు?

ఆ నడిమి కాలం చిన్నది కాదు. సక్రమంగా చూసుకుంటే అది ఐదేళ్లు, పదేళ్లు, కొందరికి జీవితకాలం కూడా కావచ్చు. చూసుకోకపోతే ఏడాది, రెండేళ్లకే ముగుస్తుంది. కిడ్నీ వైద్యంలో ఆయుష్షును నిర్ణయించేది ప్రధానంగా ఈ దశే. మన ఏర్పాట్లలో అతి బలహీనంగా ఉన్నదీ ఇదే. వ్యాధిని కనిపెట్టడానికి గ్రామంలో ఆశ కార్యకర్త, ఏఎన్‌ఎం ఉన్నారు. వ్యాధి ముదిరాక డయాలసిస్ యంత్రం ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్నది ఎక్కడో దూరాన, ఎప్పుడో ఒకనాడు దర్శనమిచ్చే నెఫ్రాలజిస్టు మాత్రమే.

లెక్క ఎందుకు కుదరదు

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస - ఈ ఏడు మండలాలనే సాధారణంగా ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కోనసీమను తలపించే ఈ నేలపై కిడ్నీ వ్యాధి నీడ పడి మూడు దశాబ్దాలు దాటింది. 2020లో ప్రచురితమైన శాస్త్రీయ అధ్యయనం ఒకటి ఇక్కడి వయోజనుల్లో ఐదింట ఒక వంతుకు దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి లక్షణాలున్నట్లు తేల్చింది. వారిలో దాదాపు సగం మందికి మధుమేహం, అధిక రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేవు. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా అన్నది ఇప్పటికీ తేలలేదు. హార్వర్డ్ వైద్యులు 2017లో వచ్చి వెళ్లారు. విశాఖకు చెందిన నెఫ్రాలజిస్టు డాక్టర్ టి.రవిరాజు ఏళ్ల తరబడి పరిశోధన సాగించారు. భారత వైద్య పరిశోధన మండలి, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పనిచేశాయి. కారణం దొరకడం అవసరమే. అయితే కారణం దొరికే వరకు సంరక్షణ ఆగకూడదు కదా.

ఐదుగురిలో ఒకరికి వ్యాధి ఉన్న ప్రాంతంలో రోగుల సంఖ్య వేలల్లో, పదుల వేలల్లో ఉంటుంది. వారిలో ప్రతి ఒక్కరినీ మూడు నెలలకోసారి ఒక నెఫ్రాలజిస్టు చూడాలంటే అది జరిగే పని కాదు. 140 కోట్ల జనాభా దాటిన దేశం మొత్తంలో నెఫ్రాలజిస్టులు కొద్ది వేల మందే. వారిలో అత్యధికులు మహానగరాల్లో ఉన్నారు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఆపైన డీఎం పూర్తి చేసేసరికి ముప్పై ఏళ్లు దాటిన వైద్యుడు కుటుంబాన్ని విశాఖలోనో హైదరాబాదులోనో ఉంచుకోవాలనుకుంటే తప్పుపట్టలేం. పలాసలో పోస్టు మంజూరు చేయడం సులభం, దాన్ని నింపి నిలుపుకోవడం కష్టం. ఈ సంగతి ఏ ప్రభుత్వానికైనా అనుభవంలో తెలిసిందే.

ఇక రోగి వైపు నుంచి చూద్దాం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ కింగ్‌జార్జి ఆసుపత్రికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఒడిశాలోని బరంపురం దగ్గరే గానీ రాష్ట్రం వేరు, ఆరోగ్యశ్రీ లెక్కలు వేరు. జీడిపప్పు బట్టీలో పనిచేసే మహిళకు గానీ, వేటకు వెళ్లే మత్స్యకారునికి గానీ ఒక్క వైద్య పరీక్షకు రెండు రోజుల కూలి పోతుంది. తోడు వచ్చిన వారి కూలీ పోతుంది. అంత చేసి వెళ్తే ఓపీలో దొరికేది నాలుగు నిమిషాలు. రెండోసారి వెళ్లకపోవడం వారి అజ్ఞానమని సదస్సులలో అనేవారున్నారు. ఆ కూలి లెక్క వేసి చూస్తే వారు చేసింది సరైన లెక్కేనని అనిపిస్తుంది.

అమెరికాలో ఏం చేశారు

ఈ చిక్కును ఇతర దేశాలు ఎదుర్కొన్న తీరు పరిశీలించదగినది. అమెరికాలో డాక్టరు కాని, అయితే డాక్టరుతో కలిసి రోగిని పరీక్షించి, మందు రాసే అధికారం గల ఉన్నత శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. వారిని కలిపి ‘అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ ప్రొవైడర్లు’ అంటారు. ఇందులో ప్రధానంగా రెండు తెగలు. మొదటిది నర్స్ ప్రాక్టీషనర్లు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ఈ శిక్షణకు శ్రీకారం చుట్టారు. రెండోది ఫిజీషియన్ అసిస్టెంట్లు. అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్, సైన్యంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన వారితో మొదటి తరగతి ఆరంభించారు. రెండింటికీ మూలం ఒక్కటే, పల్లెల్లో డాక్టర్ల కొరత.

కిడ్నీ వైద్యంలో వీరు స్థిరపడడానికి మరో కారణం తోడైంది. 1972లో అమెరికా చట్టసభ చేసిన సవరణతో కిడ్నీలు పూర్తిగా చెడిన వారికి, వయసుతో నిమిత్తం లేకుండా, మెడికేర్ వర్తించింది. డయాలసిస్ రోగుల సంఖ్య అంచనాలను మించి పెరిగింది. డయాలసిస్ రోగిని చూసినందుకు డాక్టరుకు నెలకింత అని ముట్టజెప్పే పద్ధతిని 2004లో మార్చి, నెలలో ఎన్నిసార్లు చూశారన్న దానిని బట్టి చెల్లింపు నిర్ణయించారు. నాలుగుసార్లు చూస్తే పూర్తి మొత్తం. నెలకొకసారి సమగ్ర పరీక్ష తప్పనిసరి. మిగతా సందర్శనలు నర్స్ ప్రాక్టీషనరో ఫిజీషియన్ అసిస్టెంటో చేసినా లెక్కలోకి వస్తాయి. దానితో డయాలసిస్ కేంద్రాల్లో వారి హాజరు సర్వసాధారణమైంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు నెఫ్రాలజిస్టులకు ఇది కొత్త విషయం కాదు, వారు రోజూ పనిచేసేది ఇటువంటి బృందాలతోనే. అయితే అమెరికా ఏర్పాటులో డబ్బు లెక్క పెద్ద పాత్ర వహించిందని గుర్తుంచుకోవాలి. అక్కడి ఖర్చు మనం భరించలేం, అక్కడి పదవుల పేర్లు మనకు అవసరం లేదు. తీసుకోవలసింది పని పంపకం ఒక్కటే.

ఫలితాల మాట

పని పంచితే రోగికి మేలు జరుగుతుందా? నెదర్లాండ్స్‌లో తొమ్మిది ఆసుపత్రుల్లో 788 మంది కిడ్నీ రోగులపై దీనిని పరీక్షించారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి నెఫ్రాలజిస్టుతో పాటు నర్స్ ప్రాక్టీషనర్ పర్యవేక్షణ: రక్తపోటు, ఉప్పు, బరువు, పొగతాగుడు, మందుల సర్దుబాటు. గుండె జబ్బులను తగ్గిస్తుందన్న మొదటి ఆశ నెరవేరలేదు. 2012లో వెలువడిన ఆ ఫలితం చూసి పెదవి విరిచినవారున్నారు. అదే రోగులను మరికొంత కాలం గమనించి 2014లో ప్రచురించిన ఫలితం మాత్రం వేరుగా ఉంది. మరణం, డయాలసిస్ అవసరం కావడం, క్రియాటినిన్ సగానికి సగం పెరగడం - ఈ మూడింటినీ కలిపి చూస్తే నర్సుల పర్యవేక్షణలో ఉన్నవారిలో ముప్పు 20 శాతం తక్కువ. కిడ్నీ వైద్యంలో ఓపిక పట్టి లెక్కచూడాలని దీన్ని బట్టి తెలుస్తుంది. ఐదేళ్ల పదవీకాలాలతో నడిచే ప్రభుత్వాలకు ఇది రుచించని విషయమే.

నెదర్లాండ్స్ సంపన్న దేశం, మనకు దృష్టాంతం కాదనవచ్చు. థాయ్‌లాండ్ అనవచ్చుననుకుంటాను. అక్కడి కంఫేంగ్‌ఫెట్ రాష్ట్రంలోని గ్రామీణ ప్రాంతంలో 442 మంది రోగులతో ఒక ప్రయోగం జరిగి, 2017లో ఫలితాలు వెలువడ్డాయి. జిల్లా ఆసుపత్రిలో డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఆహార నిపుణులు కలిసి చూసేవారు. గ్రామంలో ఆరోగ్య సిబ్బంది, మన ఆశ కార్యకర్తలను పోలిన స్వచ్ఛంద సేవకులు ఇంటికి వెళ్లి ఉప్పు వాడకం, మందులు గమనించేవారు. రెండేళ్లలో వీరి రోగులకు కిడ్నీ పనితీరు తగ్గే వేగం మామూలు వైద్యం పొందినవారి కంటే స్పష్టంగా మందగించింది. ఆ పొలాలు, ఆ ఎండ, ఆ అన్నం తినే జనం ఉద్దానానికి మరీ దూరం కారు.

ఇక మన రాష్ట్రంలో జరిగిన ప్రయోగం ఒకటుంది, దాని గురించి జిల్లాల్లో చర్చ జరిగినట్లు లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశ కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండె జబ్బుల ముప్పు ఉన్నవారిని గుర్తించి డాక్టరు వద్దకు పంపే ఏర్పాటు చేశారు. ఆశ కార్యకర్తలు తమ పని చేశారు. వేలమందిని గుర్తించారు. అయినా 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది గుండె జబ్బులకు సంబంధించిన ప్రయోగమే అయినా ఉద్దానానికి అందులో హెచ్చరిక ఉంది. వెతికి పట్టుకునే కళ్లను ఎంత పెంచినా, మందును మొదలుపెట్టి, చాలకపోతే పెంచి, వికటిస్తే ఆపగల చెయ్యి ఊరికి దగ్గరలో లేకపోతే ఫలితం రాదని ఈ ప్రయోగం చెబుతోందని నా అభిప్రాయం. ఉద్దానంలో ఇంటింటా రక్తపరీక్షలు ఎన్నో విడతలు జరిగాయి. జాబితాలు తయారయ్యాయి. జాబితాలో పేరెక్కిన మనిషికి మర్నాడు ఏమవుతున్నదన్నదే ప్రశ్న.

ఖాళీని నింపుతున్నదెవరు

ప్రకృతి శూన్యాన్ని సహించదంటారు. వైద్యంలోనూ అంతే. డాక్టరుకూ ఆశ కార్యకర్తకూ నడుమనున్న ఖాళీని ఉద్దానంలో దశాబ్దాలుగా నింపుతున్నది ఊరి ఆర్‌ఎంపీ. పిలిస్తే వస్తాడు, అప్పు పెడతాడు, అర్ధరాత్రి తలుపు తడితే తీస్తాడు. ఒళ్లునొప్పులన్న కూలీకి నొప్పి ఇంజెక్షన్ కూడా వేస్తాడు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు దెబ్బతిన్న కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి. కొబ్బరిచెట్టెక్కి దిగే మనిషికి, వల లాగే మనిషికి ఒళ్లునొప్పులు నిత్యకృత్యం, మాత్ర కూడా నిత్యకృత్యమే. ‘సగం డాక్టర్లను’ పల్లెల నెత్తిన రుద్దుతారా అని వైద్య సంఘాలు అడిగినప్పుడు ఈ సంగతి గుర్తు చేయవలసి ఉంటుంది. పల్లెల్లో ఉన్నది పావు డాక్టర్లు. వారి స్థానంలో నాలుగేళ్లు చదివిన నర్సును నిలపడం దిగజార్చడం ఎలా అవుతుంది?

ఆ నర్సు ఇప్పటికే గ్రామంలో ఉంది. బీఎస్సీ నర్సింగ్ చదివి, గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలిగా పనిచేస్తున్నవారు రాష్ట్రమంతటా వేల సంఖ్యలో ఉన్నారు. ప్రస్తుతం ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పిలుస్తున్నవి ఈ కేంద్రాలే. సుమారు 2,500 జనాభాకొకటి ఉండాలన్నది లక్ష్యం. ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో దూరవైద్యం చేయించేది వీరే. వారిలో ఉద్దానం మండలాలవారికి ఆరునెలలో ఏడాదో కిడ్నీ వ్యాధులపై ప్రత్యేక శిక్షణనిచ్చి, పలాస ఆసుపత్రి నెఫ్రాలజిస్టు పర్యవేక్షణలో, రాతపూర్వక నియమావళికి లోబడి కొన్ని మందులను సర్దుబాటు చేసే పరిమిత అధికారం ఇవ్వాలి. ఈ వ్యాసం వాదించేది ఇంతవరకే.

ఆ నర్సు చేతిలో పని ఎంత

కిడ్నీ రోగికి జరగవలసిన పనుల్లో ఎక్కువ భాగం డీఎం పట్టా అవసరం లేనివే, అయితే క్రమం తప్పకుండా జరగవలసినవి. ముందు గుర్తింపు. ఉద్దానం తరహా వ్యాధిలో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదు, కాళ్ల వాపులు రావు, రక్తపోటు పెరగదు. పట్టీ ముంచి చేసే మూత్రపరీక్షతో ‘అంతా బాగుంది’ అని పంపించే ప్రమాదం ఇక్కడుంది. రక్తంలో క్రియాటినిన్ చూడాలి, ఒక్కసారి చూసి వదలక మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఈ ‘మళ్లీ’ అన్న మాట వద్దే మన కార్యక్రమాలు చతికిలబడుతున్నాయి.

తరువాత మందులు. రక్తపోటు ఉన్నవారికి, మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటివి కిడ్నీని కాపాడతాయి. అయితే మొదలుపెట్టిన ఒకటి, రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూసి తీరాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కంగారు పడనక్కరలేదు, అంతకు మించితే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఈ మందు తాత్కాలికంగా మానాలి. ఈ మాట చెప్పే దిక్కు లేక మందు కొనసాగించి ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఒకవైపు, ‘మందు పడలేదు’ అని ఏకంగా మానేసేవారు మరోవైపు. ఈ రెండు తప్పులనూ ఆపగలిగేది రెండు వారాల్లో రోగిని మళ్లీ చూసే మనిషి. రెండు వారాలకు విశాఖ నుంచి నెఫ్రాలజిస్టు రాడు.

తిండి సంగతి ఇంకా స్థానికమైనది. కొబ్బరినీళ్లు చలవ అని అందరం నమ్ముతాం, కొబ్బరి సీమలో చెప్పనవసరమే లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి అందులోని పొటాషియం గుండె ఆగేంత ప్రమాదం తేగలదు. మరోవైపు తొలి దశలో ఉన్న రోగి పప్పు, పండు, నీరు అన్నీ మానేసి ఎండిపోవడమూ తప్పే. ఎవరికి ఏది వద్దో, ఏ దశలో వద్దో ముద్రించిన కరపత్రం చెప్పలేదు. రోగి రక్తపరీక్ష కాగితం చేతపట్టుకుని, ఆ ఇంటి వంట తెలిసిన మనిషి చెప్పాలి.

ఇక డయాలసిస్‌కు సన్నాహం. కీలకమైనది, అతి తక్కువగా జరుగుతున్నది ఇదే. డయాలసిస్ అవసరమవుతుందని ముందే తెలిసిన రోగికి చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేయించాలి. అది వాడకానికి సిద్ధం కావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. ఆ చేతికి అప్పటివరకు సెలైన్ సూదులు గుచ్చకుండా సిరలను కాపాడుకోవాలి. హెపటైటిస్-బి టీకా ముందే పూర్తి చేయాలి. రక్తహీనతకు ఇనుము, అవసరమైతే ఎరిత్రోపొయెటిన్ ఇవ్వాలి. ఇవేవీ జరగని రోగి ఒకనాడు ఊపిరాడక అంబులెన్సులో ఆసుపత్రికి వస్తాడు, మెడలోనో తొడలోనో గొట్టం వేస్తారు. ఆ గొట్టం ద్వారా ఇన్ఫెక్షన్ సోకి తొలి నెలల్లోనే మరణించేవారు ఎక్కడైనా ఎక్కువే. యంత్రం ఉండి కూడా మనిషి దక్కకపోవడానికి దారితీసే లోపం ఇది. అందులో డాక్టరు లోపం కంటే, ఆరు నెలల ముందు ‘ఫిస్టులా వేళయింది’ అని చెప్పే మనిషి లేని లోపం ఎక్కువ.

డయాలసిస్ కేంద్రంలోని టెక్నీషియన్ల మాట కూడా చెప్పుకోవాలి. వారానికి రెండు, మూడుసార్లు, నాలుగేసి గంటలు రోగి ఎదుట ఉండేది వారే. ఎంత నీరు తీయాలో, రక్తపోటు పడిపోతే ఏం చేయాలో వాస్తవంలో వారే నిర్ణయిస్తున్నారు. కాగితం మీద డాక్టరు సంతకం ఉంటుంది. అనుభవం ఉన్న టెక్నీషియన్ నిర్ణయం చాలాసార్లు సరైనదే కావచ్చు. అయినా అధికారం లేని చోట జవాబుదారీ కూడా ఉండదు. మంచి జరిగితే పేరు రాదు, చెడు జరిగితే ఉద్యోగం పోతుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డయాలసిస్ టెక్నాలజిస్టులను, ఫిజీషియన్ అసోసియేట్లను వృత్తులుగా గుర్తించింది. రిజిస్ట్రేషన్, విద్యా ప్రమాణాలు ఆ చట్టం పుణ్యమా అని స్థిరపడితే మేలే. పనిలో ఏది ఎవరిదన్న గీత మాత్రం ఆసుపత్రి స్థాయిలో గీసుకోవలసిందే.

చట్టం ఏమంటుంది

ఇక్కడ జాగ్రత్త అవసరం. మూడేళ్ల కోర్సుతో గ్రామీణ వైద్యులను తయారుచేసేందుకు అసోం 2004లో చేసిన చట్టాన్ని అక్కడి హైకోర్టు 2014లో కొట్టివేయగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. వైద్య విద్యా ప్రమాణాలు కేంద్ర చట్టం పరిధిలోనివని చెప్పింది. కాబట్టి రాష్ట్రం తనంతట తానే కొత్త తరహా డాక్టర్లను సృష్టించజాలదు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ మాత్రం ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’ అనే పేరుతో, ప్రాథమిక వైద్యంలో నిర్ణీత మందులు రాసే పరిమిత లైసెన్సుకు చోటు కల్పించింది. ఆనాడు దేశవ్యాప్తంగా డాక్టర్లు సమ్మె చేశారు. ఆ సెక్షన్ కాగితం దాటి రాలేదు.

అయినా మార్గం మూసుకుపోలేదు. నెలలు నిండకుండా ప్రసవించే ప్రమాదమున్న గర్భిణికి డెక్సామెథసోన్, ఇన్ఫెక్షన్ సోకిన పసికందుకు జెంటామైసిన్ ఇంజెక్షన్లను ఆసుపత్రికి పంపేముందు ఏఎన్‌ఎం ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లోనే అనుమతించింది. తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఒకే చికిత్సా క్రమాన్ని అందరికీ ముద్రించి ఇచ్చి, మందుల కొనసాగింపును ఊరికి దగ్గర చేసింది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. కాన్పు వంటి, క్షణంలో ప్రాణాంతకం కాగల పనినే శిక్షణ పొందిన నర్సు చేతిలో పెట్టగలిగినప్పుడు, నెలల తరబడి సాగే రక్తపోటు మందు సర్దుబాటుకు అంత జంకు ఎందుకు? కొత్త చట్టం అక్కరలేదు. నెఫ్రాలజిస్టు రాసి సంతకం చేసిన స్థాయీ ఆదేశం, దానిపై వైద్య ఆరోగ్యశాఖ ఉత్తర్వు, ప్రతి కేసునూ వారానికొకసారి దూరవైద్యంలో డాక్టరు సమీక్షించే నియమం ఉంటే ప్రయోగాత్మకంగా రెండు మండలాల్లో ఆరంభించవచ్చు.

డాక్టర్ల అభ్యంతరాలు

వైద్య సంఘాల అభ్యంతరాలను స్వార్థమని కొట్టిపారేయడం సరికాదు. వాటిలో ఒకటి చాలా గట్టిది. పేదవాడికి నర్సు, డబ్బున్నవాడికి డాక్టరు అన్న రెండు తరగతుల వైద్యం స్థిరపడిపోతుందని, నర్సును పెట్టామన్న సాకుతో ప్రభుత్వం డాక్టరు పోస్టును ఖాళీగా ఉంచుతుందని వారి భయం. ఈ భయానికి చరిత్ర ఆధారం ఉంది. మద్రాసు రాష్ట్రంలో ఎల్‌ఎంపీ డాక్టర్లుండేవారు. విశాఖపట్నంలో 1902లో వెలసిన మెడికల్ స్కూలు అటువంటివారినే తయారుచేసి, 1923లో ఆంధ్ర వైద్య కళాశాలగా ఎదిగింది. రెండు తరగతుల డాక్టర్లు కూడదని 1946లో భోర్ కమిటీ సిఫార్సు చేసింది, కమిటీలో కొందరు విభేదించినా. ఆ ఆదర్శం గొప్పదే. ఎల్‌ఎంపీలు పోయారు, ఎంబీబీఎస్‌లు పల్లెకు రాలేదు, ఆ కుర్చీలో ఆర్‌ఎంపీ కూర్చున్నాడు. ఆర్‌ఎంపీలకు శిక్షణనిచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తిస్తామన్న ఉమ్మడి రాష్ట్ర యత్నమూ మధ్యలోనే ఆగింది.

కాబట్టి నర్సుల ఏర్పాటుకు షరతు ఉండాలి. పలాసలో నెఫ్రాలజిస్టు పోస్టులు భర్తీ అయి ఉన్నంతవరకే ఆ నర్సులకు ఆ అధికారం చెల్లుతుందని ఉత్తర్వులోనే రాయాలి. నర్సు పని డాక్టరుకు బదులు కాదని, డాక్టరు ఉన్నందువల్లనే సాగుతుందని అప్పుడే రుజువవుతుంది. భద్రతపై మరో అభ్యంతరం. పొటాషియం పెరిగిన సంగతి గమనించకపోతే ఎవరు బాధ్యులు? పరీక్ష ఫలితం అదే రోజు రాని కేంద్రంలో ఈ మందులు మొదలుపెట్టనీయకూడదు, అంతే. ఛత్తీస్‌గఢ్‌లో మూడేళ్ల శిక్షణ పొందిన గ్రామీణ వైద్య సహాయకుల నైపుణ్యాన్ని పరిశీలించినప్పుడు సాధారణ రోగాల విషయంలో వారు ఎంబీబీఎస్ డాక్టర్లకు దాదాపు సమానంగా ఉన్నారు, తగిన శిక్షణ లేని సిబ్బంది మాత్రం బాగా వెనుకబడ్డారు. అంటే శిక్షణను మూడు రోజుల కార్యశాలతో సరిపెడితే డాక్టర్ల అనుమానమే నిజమవుతుంది.

చివరిది జీతం. ఎంఎల్‌హెచ్‌పీలు ఒప్పంద ఉద్యోగులు. క్రమబద్ధీకరణ, వేతనాల కోసం 2025లో రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. అదనపు బాధ్యత మోపి అదనపు వేతనం, పదోన్నతి, న్యాయరక్షణ చూపకపోతే కిడ్నీ శిక్షణ పొందిన నర్సు ఆ ధ్రువపత్రంతో గల్ఫ్‌కో ఇంగ్లాండుకో దరఖాస్తు పెట్టుకుంటుంది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకుండదు. నాలుగు డయాలసిస్ యంత్రాలు కొనడానికి ఒప్పుకునే ఆర్థికశాఖ, నలుగురు నర్సుల జీతం పెంపు దస్త్రాన్ని ఎందుకు తిప్పి పంపుతుందో అర్థం కాని విషయమేమీ కాదు. యంత్రానికి ప్రారంభోత్సవం ఉంటుంది, నర్సు జీతానికి ఉండదు.

కవిటి, సోంపేట మండలాలతో మొదలుపెట్టమని అడగడానికి కారణముంది. రెండింటిలోనూ డయాలసిస్ కేంద్రాలున్నాయి, రైలు మార్గం, జాతీయ రహదారి దగ్గరున్నాయి. ఇంటింటి పరీక్షల జాబితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ జాబితాలలో క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారిలో ఎందరికి మూడు నెలల తర్వాత రెండో పరీక్ష జరిగిందో జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ముందుగా లెక్క తీసి ప్రజల ముందుంచాలి. ఏ మండలంలో నర్సును ముందు నియమించాలో ఆ ఒక్క అంకెను బట్టి నిర్ణయించవచ్చు.